వచ్చి పోవు ఆయాసము - ఉబ్బసమును గుర్తించుట ఎట్లు?

మార్గశిర మాసము. తెల్లవారుజామున మూడు గంటల వేళ. ఇంటిల్లిపాదియు గాఢనిద్రలో నుండగా పదేండ్ల బాలుడు దగ్గుతో లేచి కూర్చుండును. దగ్గు ఆగదు. పడుకొనబోయిన ఊపిరాడదు. నాయనమ్మ వచ్చి వీపు నిమురుచు చెవి యొగ్గి విన్నచో, వాని ఛాతీలో పిల్లికూనలు అరచుచున్నట్లు సన్నని కూతలు వినవచ్చును. గోరువెచ్చని నీరు త్రాగించి, దిండ్లకు ఆనించి కూర్చుండబెట్టగా ఒక గంటకు బాధ తగ్గును. ఉదయము తొమ్మిది గంటలకు వైద్యుని యొద్దకు తీసికొని పోవుదురు. అప్పటికి బాలుడు గంతులు వేయుచుండును. వైద్యుడు స్టెతస్కోపు పెట్టి చూచును. ఏ చప్పుడును వినరాదు. ఎక్స్‌రే తీయించినను ఊపిరితిత్తులు నిర్మలముగా కనబడును. "జలుబు చేసినది, అదే తగ్గును" అన్న మాటతోడను, ఒక సీసా దగ్గుమందుతోడను ఇంటికి వత్తురు. పది దినములు గడచిన పిమ్మట మరల అదే రాత్రి, అదే దగ్గు.

ఇట్టి కథ మన ఇండ్లలో అరుదు కాదు. ఇందు వైద్యుడు అబద్ధమాడలేదు. నాయనమ్మ విన్నదియు భ్రమ కాదు. రాత్రి ఉన్న వ్యాధి పగలు కనబడకపోవుటయే ఈ వ్యాధి యొక్క స్వభావము. ఉబ్బసమును అర్థము చేసికొనవలెనన్న మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి ఇదియే: వచ్చి పోవుట దీని లక్షణము. అది పోయినట్లు కనబడిన వేళ కూడ లోపల ఉండనే ఉండును.

ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. దమ్ము అనియు, ఆయాసము అనియు, ఉబ్బసము అనియు తెలుగువారు దీనిని పలు పేర్లతో పిలుచుచున్నారు. ఆస్త్మా అను మాట గ్రీకు భాషలోనిది. ఎగరోజుట అని దాని అర్థము. మన చరక సంహిత శ్వాసరోగములను ఐదు విధములుగా విభజించి, అందొక దానిని తమక శ్వాస యని వర్ణించినది. మబ్బు పట్టినప్పుడును, చలిలోను, తూర్పుగాలి వీచునప్పుడును అది హెచ్చుననియు, పడుకొనిన బాధ అధికమై, కూర్చుండిన కొంత సుఖము కలుగుననియు ఆ గ్రంథము చెప్పినది. శ్వాసనాళములలో నేమి జరుగుచున్నదో చూపు సాధనములు లేని కాలమున, రోగి మంచము ప్రక్కన కూర్చుండి చూచినవారు వ్రాసిన మాటలివి. నేటి వైద్యుడు రోగిని అడుగు ప్రశ్నలలో సగము ఈ పరిశీలనలనుండి పుట్టినవియే అనిన తప్పు లేదు.

ఇక లోపల జరుగునది ఏమి? మనము పీల్చిన గాలి కంఠము దిగి, చెట్టు కొమ్మలవలె చీలుచు పోవు శ్వాసనాళములగుండ ఊపిరితిత్తులకు చేరును. ఉబ్బసరోగి యొక్క నాళముల లోపలి పొర ఎల్లప్పుడును కొంత వాచి, ఎఱ్ఱబారి, అతి సున్నితముగా ఉండును. ఇతరులకు ఏ మాత్రము బాధ కలిగింపని దుమ్ము గాని, పొగ గాని, చలిగాలి గాని దానికి తగిలినచో మూడు పనులు జరుగును. నాళము చుట్టునున్న కండరములు బిగిసికొనును. లోపలి పొర మరింత వాచును. జిగటయైన కఫము ఊరి మార్గమును మూసివేయును. ఇట్లు మూడు విధములుగా దారి ఇరుకగును.

దారి కొంచెము ఇరుకైనంత మాత్రమున ఇంత బాధ ఎందులకని సందేహము కలుగవచ్చును. గొట్టములలో గాలి నిలకడగా సాగునప్పటి లెక్క విచిత్రమైనది. గొట్టము యొక్క వెడల్పు సగమైన యెడల గాలికి కలుగు అడ్డంకి రెండు రెట్లు కాదు, పదునారు రెట్లు అగును. అందుచేతనే కొద్దిపాటి వాపు కూడ మనిషిని మంచముమీద లేపి కూర్చుండబెట్టగలదు. గాలి పీల్చునప్పుడు ఛాతీ విచ్చుకొని నాళములు కొంత తెరచుకొనును. విడుచునప్పుడు అవి మరింత కుంచించుకొనును. కావున ఉబ్బసరోగికి గాలి పీల్చుటకంటె విడుచుటయే కష్టము. ఇరుకైన సందులగుండ గాలి ఈల వేయుచు వచ్చుటయే మనము వినెడి పిల్లికూతలు. మనుష్యులందరి శ్వాసనాళములును తెల్లవారుజామున కొద్దిగా ఇరుకగును. ఆరోగ్యవంతునకు ఆ సంగతి తెలియదు, ఉబ్బసరోగికి అది నిద్రాభంగమగును.

ఉబ్బసము యొక్క ముఖ్య లక్షణములు నాలుగు. దగ్గు, పిల్లికూతలు, ఆయాసము, ఛాతీ బిగపట్టినట్లుండుట. నాలుగును ఒక్కసారి ఉండవలెనను నియమము లేదు. కొందరికి దగ్గు ఒక్కటియే ఉండును. అట్టి పిల్లలు నెలల తరబడి దగ్గుమందులు త్రాగుచునే ఉందురు. అయితే ఈ లక్షణములు ఒక్కొక్కటియే ఉబ్బసమును రుజువు చేయవు. జలుబుతో దగ్గు రాని మనుష్యుడు లేడు. ఉబ్బసమని అనుమానింపవలసినది ఎప్పుడనగా, ఈ బాధ మరల మరల వచ్చుచు, రాత్రివేళ గాని తెల్లవారుజామున గాని హెచ్చుచు, ఏదో ఒక కారణము తగిలినప్పుడు మొదలై, తరువాత తగ్గిపోవుచున్నప్పుడు.

ఆ కారణములు అందరికి ఒక్కటి కావు. ఒకరికి దూది పరుపులోని దుమ్ము, అందు కంటికి కనబడక జీవించు సూక్ష్మకీటకములు, ఒకరికి బొద్దింకలు, ఒకరికి పిల్లి బొచ్చు. ఒకరికి ధాన్యము నూర్చు కళ్లములోని దుమ్ము, ఒకరికి ఊరి వెలుపల వయ్యారిభామ మొక్కల పుప్పొడి. మిరపకాయలు వేయించు ఘాటు, కట్టెలపొయ్యి పొగ, దోమల చుట్ట, అగరువత్తి, చుట్ట బీడీల పొగ, దీపావళి టపాకాయలు, ఇంటికి వేయు సున్నము, రంగుల వాసన, ఇవన్నియు నాళములను రేపగలవు. పరుగెత్తుట, విరగబడి నవ్వుట, ఏడ్చుట కూడ కొందరికి ఆయాసము తెప్పించును. జలుబు అన్నిటికంటె సాధారణమైన కారణము. కొందరికి ఆస్పిరిను వంటి నొప్పి మాత్రలు పడవు. రక్తపోటునకును గుండెకును వాడు మందులలో కొన్ని కూడ ఉబ్బసమును హెచ్చింపవచ్చును. కావున వాడుచున్న మందులన్నిటిని వైద్యునకు చూపవలెను.

తల్లిదండ్రులలో గాని, తోబుట్టువులలో గాని ఉబ్బసము ఉన్నదా? రోగికి చిన్ననాట చర్మముమీద గజ్జివలె దురద పొక్కులు వచ్చినవా? ఉదయము లేవగానే వరుసగా తుమ్ములు వచ్చి ముక్కు కారుచుండునా? ఈ ప్రశ్నలు వైద్యుడు తప్పక అడుగును. వీనికి సమాధానములు అవునన్న కొలది ఉబ్బసమను అనుమానము బలపడును. ఇంటివారు ఒక పుస్తకములో ఏ తేదీన, ఏ వేళ, ఏమి చేయుచుండగా బాధ మొదలైనదో, ఎంతసేపటికి తగ్గినదో నెల దినములు వ్రాసి తీసికొనిపోయిన, ఆ నాలుగు పుటలు ఖరీదైన పరీక్షలకంటె ఎక్కువ ఉపకరించును. నేడు అందరి చేతిలోను ఫోను ఉన్నది గనుక, రాత్రి వినవచ్చు పిల్లికూతలను అందు పట్టి ఉంచి వైద్యునకు వినిపింపవచ్చును. పగలు దాగికొను వ్యాధికి రాత్రి సాక్ష్యము కావలెను.

సాక్ష్యముతోపాటు కొలత కూడ కావలెను. జ్వరమును థర్మామీటరుతో చూచునట్లు, ఊపిరిని కొలుచు పద్ధతి ఉన్నది. 1846లో జాన్ హచిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు రెండు వేలమందికి పైగా మనుష్యుల ఊపిరిని తన స్పైరోమీటరుతో కొలిచి ఫలితములను ప్రకటించెను. 1947లో టిఫ్నో అను ఫ్రెంచి వైద్యుడు మొత్తము ఎంత ఊదగలరో మాత్రమే కాక, మొదటి ఒక్క సెకనులో ఎంత ఊదగలరో చూడవలెనని చూపెను. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు గుండెనిండ పీల్చి బలముగా ఊదినచో, ఆ గాలిలో సుమారు నాల్గింట మూడు వంతులో, అంతకు మించియో మొదటి సెకనులోనే బయటపడును. నాళములు ఇరుకైనవానికి అంత రాదు.

ఉబ్బస నిర్ణయములో అసలు కీలకము రెండవసారి ఊదించుటలో ఉన్నది. మొదట ఊదించి, నాళములను వదులుచేయు సాల్బ్యుటమాలు అను మందును పీల్పించి, పది పదిహేను నిమిషములు ఆగి, మరల ఊదింతురు. మొదటి సెకనులో వచ్చు గాలి మునుపటికంటె నూటికి 12 వంతులును, 200 మిల్లీలీటర్లును పెరిగినచో, పెద్దవారిలో అది ఉబ్బసమునకు బలమైన సాక్ష్యము. మూసికొనిన దారి మరల తెరచుకొనగలదని దాని అర్థము. అయితే శ్రోతలు ఒక సంగతి మరువరాదు. బాధ లేని దినమున పరీక్ష చేయించిన ఫలితము మామూలుగా ఉండవచ్చును. అంతమాత్రమున ఉబ్బసము లేదని చెప్పరాదు. పరీక్షను మరియొక దినమున, వీలైన బాధ ఉన్నప్పుడు, తిరిగి చేయింపవలెను.

ఇంటివద్ద వాడదగిన చిన్న సాధనము పీక్ ఫ్లో మీటరు. 1959లో ఇంగ్లండులో రైట్ అను శాస్త్రజ్ఞుడు దీని తొలి రూపమును ప్రకటించెను. నేడది చేతిలో ఇముడు గొట్టముగా చాల ఔషధ దుకాణములలో దొరకుచున్నది. నిలుచుండి, నిండుగా గాలి పీల్చి, పెదవులతో గొట్టమును గట్టిగా మూసి, ఒక్క ఊపున ఊదవలెను. మూడుసార్లు ఊది, అందు హెచ్చు అంకెను వ్రాసికొనవలెను. ఇట్లు ఉదయము, సాయంకాలము రెండు వారములు చేయవలెను. మన కథలోని బాలుడు సాయంకాలము 260, ఉదయము 200 ఊదినాడనుకొందము. భేదము 60, రెండింటి సగటు 230, కనుక నూటికి 26 వంతుల హెచ్చుతగ్గు. ప్రతిదినపు హెచ్చుతగ్గులను ఇట్లే కట్టి సగటు చూచినప్పుడు, పెద్దవారికి నూటికి 10, పిల్లలకు 13 మించినచో, ఆ ఊపిరి అతిగా మారుచున్నదని తెలిసికొనవలెను. నాయనమ్మ చెవికి వినబడిన సంగతి ఇప్పుడు అంకెలలో కనబడినది. ఐదేండ్లలోపు పసివారు ఈ పరీక్షలను సరిగా చేయలేరు. వారి విషయమున తల్లి చెప్పు వృత్తాంతమును, మందునకు కలుగు గుణమును చూచి వైద్యుడు నిర్ణయించును.

ఎక్స్‌రే ఉబ్బసమును చూపదు. మరియొక వ్యాధి లేదని తెలిసికొనుటకే అది పనికివచ్చును. చర్మముమీద చేయు పరీక్ష ఏ పదార్థము పడదో చెప్పునే గాని ఉబ్బసము ఉన్నదని చెప్పదు. ఇక రక్తపరీక్ష. మన ప్రాంతమున "మా అమ్మాయికి ఉబ్బసము కాదండీ, ఇస్నోఫీలియా" అను మాట తరచు వినుచున్నాము. ఇసినోఫిల్ అనునది రక్తములోని ఒకరకపు తెల్లకణము. దాని సంఖ్య పెరుగుటయే ఇస్నోఫీలియా. అది ఒక లెక్క మాత్రమే గాని వ్యాధి పేరు కాదు. ఉబ్బసములో ఆ సంఖ్య పెరుగవచ్చును. కడుపులో నులిపురుగులు ఉన్నను పెరుగవచ్చును.

అయినను ఈ మాట మన నోట నిలుచుటకు ఒక చరిత్ర లేకపోలేదు. 1940లో మదనపల్లె చెంత ఆరోగ్యవరములోని క్షయ వైద్యశాలనుండి ఫ్రిమోట్-మొల్లర్, బార్టన్ అను వైద్యులు, క్షయవలె కనబడియు క్షయ కాని ఒక జబ్బును వర్ణించిరి. రోగుల రక్తమున ఈ కణములు విపరీతముగా పెరిగియుండెను. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ఉష్ణదేశపు ఇసినోఫీలియా యని పేరిడెను. బోదకాలు కలిగించు ఫైలేరియా క్రిముల పట్ల దేహము చూపు తీవ్రమైన ప్రతిక్రియయే ఇది యని తరువాత తేలినది. రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఆయాసము, అన్నియు ఉబ్బసమును పోలియుండును. కాని దీనికి మందు వేరు. డైఇథైల్ కార్బమజీను అను ఫైలేరియా మందుతో ఇది లొంగును. బోదకాలు చిరకాలము బాధించిన కోస్తా జిల్లాల వారికి దగ్గు, కూతలు ఉండి, ఈ కణముల సంఖ్య ఒక మైక్రోలీటరు రక్తమున 3,000 దాటినచో వైద్యుడు దీనిని కూడ తలచుకొనును. ఒకే కూత రెండు వ్యాధులనుండి రావచ్చునని ఇందువలన స్పష్టమగుచున్నది.

ఆ కూతకు వేరు కారణములును కలవు. చిరకాలము చుట్ట బీడీలు త్రాగినవారికిని, కట్టెలపొయ్యి పొగలో జీవితమంతయు వంట చేసిన స్త్రీలకును నడివయస్సు దాటిన తరువాత వచ్చు ఆయాసము వేరొక వ్యాధి కావచ్చును. అందు నాళములు మందుతో పూర్తిగా తెరచుకొనవు; ఆయాసము వచ్చి పోక, ఏటేట హెచ్చుచుండును. పెద్దవయస్సున రాత్రి పడుకొనగానే ఆయాసము వచ్చి కాళ్లు వాచినచో గుండెను పరీక్షింపవలెను. ఆడుకొనుచున్న పసివానికి హఠాత్తుగా దగ్గు, ఒక ప్రక్కనే కూత మొదలైనచో వేరుసెనగ గింజ వంటిదేదో నాళములో పడినదేమో అని వెంటనే చూపవలెను. రెండు వారములు మించిన దగ్గుతో జ్వరము, బరువు తగ్గుట, కళ్లెలో నెత్తురు ఉన్నచో కళ్లె పరీక్ష తప్పనిసరి.

వ్యాధి పేరు తెలిసినంత మాత్రమున ఏమి లాభమని కొందరు అనుకొందురు. మరికొందరు పేరునకే భయపడుదురు. ముఖ్యముగా ఆడపిల్ల విషయమున "పెండ్లి కావలసిన పిల్ల, ఉబ్బసమని ఎవరికైన తెలిసిన ఎట్లు?" అని దాచుదురు. ఆమె అత్తవారింట ఇన్‌హేలరును చీర మడతలలో దాచుకొని, చివరకు మానివేయును. గర్భవతియైన వేళ మందు మానుట తల్లికిని బిడ్డకును కూడ ముప్పు. ఉబ్బసము అంటువ్యాధి కాదు; చదువునకు, ఉద్యోగమునకు, సంసారమునకు అది అడ్డు కానక్కరలేదు. దానిని దాచుటయే అసలైన అడ్డు.

ఆయాసము వచ్చినప్పుడు మాత్రమే మందు తీసికొనుట మనలో మరియొక దోషము. 1969లో వాడుకకు వచ్చిన సాల్బ్యుటమాలు బిగిసిన కండరములను నిమిషములలో వదులుచేయును. కాని వాపును తగ్గింపదు. వాపును తగ్గించు స్టెరాయిడును పీల్చు పద్ధతి 1972లో వచ్చినది. మాత్రగా మ్రింగినచో మిల్లీగ్రాములు కావలసిన మందు, పీల్చినచో అందు వెయ్యవ వంతులగు మైక్రోగ్రాములలో సరిపోవును. పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను. ఇన్‌హేలరు పట్టినచో అలవాటు పడిపోవుదురను భయము నిరాధారము. కేవలము సాల్బ్యుటమాలును మాత్రమే నమ్ముకొనుట అపాయకరమని, పెద్దవారికిని ఎదిగిన పిల్లలకును వాపు తగ్గించు మందు తప్పక ఉండవలెనని 2019లో అంతర్జాతీయ వైద్యనిపుణుల సంఘము సలహా ఇచ్చినది. ఆ 2019వ సంవత్సరమున ప్రపంచమున 26 కోట్ల మందికి పైగా ఉబ్బసముతో నుండిరనియు, నాలుగున్నర లక్షల మందికి పైగా మరణించిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోగులలో మన దేశస్థులు సుమారు ఎనిమిదవ వంతు కాగా, మరణములలో మన వంతు ఐదింట రెండు వంతులని నిపుణుల లెక్క. ఈ వ్యత్యాసమునకు ముఖ్యకారణములు వ్యాధిని గుర్తింపకపోవుట, సరియైన మందు అందకపోవుట.

మృగశిర కార్తె ప్రవేశించు దినమున హైదరాబాదులో చేప ప్రసాదమునకై వేలమంది బారులు తీరుట మనకు తెలిసినదే. ఆ విశ్వాసమును ఎగతాళి చేయుట తగదు. అయితే దాని గుణము శాస్త్రీయ పరీక్షలలో నిరూపితము కాలేదు. ఉబ్బసము తనంతట తాను వచ్చి, తనంతట తాను తగ్గు వ్యాధి గనుక, బాధ హెచ్చిన దినములలో ఏమి సేవించినను కొన్నాళ్లకు మంచి దినములు వచ్చును. ఆ ఘనత సేవించిన దానికి దక్కును. ప్రసాదమునకు పోవువారును వైద్యుడిచ్చిన మందును మానరాదు.

చివరగా అపాయ చిహ్నములు. రోగి ఒక వాక్యమును ఏకబిగిని పలుకలేకపోవుట, డొక్కలు ఎగురవేయుట, పెదవులు నీలివర్ణము దాల్చుట, మగతగా ఉండుట, పీల్చిన మందు పనిచేయకపోవుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారు వరకు వేచియుండరాదు. రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, వైద్యుడు ముందు చెప్పిన ప్రకారము మందు పీల్పించుచు, 108 నంబరునకు ఫోను చేయవలెను. కూతలు హఠాత్తుగా ఆగి, ఆయాసము మాత్రము తగ్గకున్నచో, అది నయమగుట కాదు. గాలి ఆడుటయే నిలిచిపోవుచున్నదని తెలియవలెను.

ఇప్పుడు ఆ పదేండ్ల బాలుని యొద్దకు మరల పోవుదము. ఈసారి నాయనమ్మ వైద్యునివద్దకు ఒక పుస్తకముతో వెళ్లినది. అందు పదునాలుగు దినముల అంకెలు ఉన్నవి. ఏ రాత్రి ఎన్ని గంటలకు లేచినాడో వ్రాసియున్నది. బాలుడు ఎప్పటివలె గంతులు వేయుచున్నాడు, ఛాతీలో ఎప్పటివలె చప్పుడు లేదు. కాని వైద్యుడు ఈసారి స్టెతస్కోపును ప్రక్కనబెట్టి, ఆ పుస్తకమును చదువుచున్నాడు.